కవచమా, తాయెత్తా?

సెల్‌ఫోను వెనుక అంటించుకుంటే రేడియేషను సోకదని చెప్పి అమ్మే బిళ్ళలు మన విద్యార్థుల వద్ద తరచుగా కనిపిస్తున్నాయి. తెలుగు అధ్యాపకునికి భౌతికశాస్త్రంతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. అయితే ఆ బిళ్ళను ‘కవచం’ అంటున్నారు గనుక, ఆ మాట విషయంలోనైనా నాకు కొంత అధికారం ఉన్నదనుకుంటాను.

కవచమంటే ఒంటిని కప్పేది. ఒకచోట అతికేది కాదు. 1836లో మైకేల్ ఫారడే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పన్నెండడుగుల ఘనాకారపు గదిని చట్రంతో నిర్మించి, దానికి లోహపు తీగలు, రేకు చుట్టించి, పరికరాలతో సహా తానే లోపల ప్రవేశించాడు. వెలుపలి గోడల నుండి విద్యుత్తు రవ్వలు చిమ్ముతున్నా లోపల దాని జాడ లేదు. లోహంలో సంచరించగల విద్యుత్కణాలు సర్దుకొని లోపలి క్షేత్రాన్ని రద్దు చేయడమే ఇందలి రహస్యం. మైక్రోవేవ్ ఓవెన్ తలుపులోని జల్లెడ చేసే పని కూడా ఇటువంటిదే. తరంగం నిడివి సుమారు 12 సెంటీమీటర్లు. జల్లెడ కన్నాలు అంతకంటే ఎంతో చిన్నవి. అందుచేత వెలుగు బయటికి వస్తుంది, వేడిచేసే తరంగం రాదు.

ఈ లెక్కన ఫోనును అన్నివైపులా లోహంతో మూస్తేనే రక్షణ. కాని అప్పుడది మోగదు! మాట్లాడుతూ ఉండగానే పూర్తిగా కాపాడే కవచం అసంభవం. పైగా సంకేతం సన్నగిల్లినచోట ఫోను టవరును అందుకోవడానికి తన ప్రసారశక్తిని పెంచుతుంది గనుక అరకొర అడ్డు వల్ల కీడే కలుగవచ్చు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ, ఇటువంటి రక్షణ పేరిట అమ్మిన కంఠాభరణం మొదలైన పది వస్తువులు తామే హానికరమైన రేడియేషన్‌ను వెలువరిస్తున్నాయని హెచ్చరించింది. తాయెత్తుకు ఆ దోషమైనా లేదు.

భయపడేవారిని నేను ఎగతాళి చేయను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో ఈ తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే వర్గంలో చేర్చింది, కారకమని తేల్చలేదు. సందేహం ఉన్నవారు ఫోనును చెవికి దూరంగా ఉంచి ఇయర్‌ఫోను వాడుకోవచ్చు. దూరానికి ధర లేదు.

కమిటీ పెద్దలకొక విన్నపం. పరీక్షల వేళ జామరు పెట్టాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవాలి. కవచం తన హద్దులోనే అడ్డుతుంది. జామరు తన రొదతో గోడ దాటి, పొరుగింటివారు అంబులెన్సుకు చేసే ఫోనును సైతం అణచగలదు. ప్రభుత్వానుమతి లేనిదే దాని వాడకం చట్టవిరుద్ధం కూడా. ఫోన్లు ఆపించి భద్రపరచడానికి తాళమున్న బీరువా ఒకటి, అంకెలు వేసిన చీటీలు కొన్ని ఉంటే సరిపోతుంది.