మోచేతి ఎత్తు

ఇంట్లో ఆఫీసు బల్ల ఎక్కడ వేద్దామంటే మన ఇళ్ళల్లో మొదట వచ్చే మాట దిక్కు. తూర్పుకా, ఉత్తరానికా? దాని మీద గంటసేపు చర్చ. కూర్చునే మనిషి మోచేయి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడ్డానికి టేపు మాత్రం ఎవరూ తీయరు.

షాపుల్లో బల్లలు దాదాపు అన్నీ 29, 30 అంగుళాల ఎత్తు. డైనింగ్ టేబులూ అంతే. పాదాలు నేలకి పూర్తిగా ఆనించి, భుజాలు వదులుగా వదిలేసి కూర్చుంటే, అయిదడుగుల ఆడమనిషి మోచేయి 24, 25 అంగుళాల దగ్గరే ఉంటుంది. ఆ తేడా అంతా భుజాలే మోస్తాయి, రోజుకి ఎనిమిది గంటలు. సాయంత్రానికి నొప్పి అంటే, "వయసు కదమ్మా" అంటారు. వయసు కాదండీ, బల్ల!

2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చిన ఉద్యోగాలు కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. తలుపున్న గదీ కొత్త బల్లా అయ్యగారికి. ఆవిడకి డైనింగ్ టేబులు, అదీ అన్నాల వేళకి ఖాళీ చేసివ్వాలి. జీతాలు మాత్రం ఇద్దరివీ ఒకే ఈఎమ్ఐకి పోతాయి. ఇదెక్కడి న్యాయం?

చెక్క బల్లయితే వడ్రంగిని పిలిచి కాళ్ళు కోయించండి. మనసొప్పకపోతే కుర్చీ పైకి లేపి, పాదాల కింద వంటింటి పీట వేయండి. లాప్‌టాప్ కింద రెండు లావుపాటి నిఘంటువులు పెట్టి (మనవాళ్ళ ఇళ్ళల్లో వాటికేం కొదవ!) కీబోర్డు విడిగా కొనండి. కిటికీ పక్కన ఉండాలి. వెనక ఉంటే తెర మీద వెలుగు పడి అక్షరం కనపడదు. దిక్కు చెప్పిన సిద్ధాంతిగారు తొమ్మిదింటి మీటింగుకి వచ్చి కూర్చోరు.

కోసే ముందు కొలత ఆవిడది తీయండి. ఆయన కూర్చున్నప్పుడు కాళ్ళ కింద దిమ్మలు పెట్టుకోవచ్చు.