బడిలో పండగ: సంస్కృతి పేరుతో ఎవరి నోరు మూస్తున్నాం?

ప్రభుత్వ బడుల్లో పండగ అలంకరణలు మతానికి చెందినవా, కావా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఒక్కటే జవాబు వినిపిస్తుంది: "ఇందులో మతమేముంది, ఇది మన సంస్కృతి!" ఈ "మన"లో ఎవరున్నారు, ఎవరు లేరు అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లకు ఆ బడిలో చోటు ఎంత ఇరుకవుతుందో మనకు తెలుసు.

రాజ్యాంగం 28వ అధికరణ పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ చేయరాదంటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు గానీ పూజకు గానీ హాజరు కమ్మని ఒత్తిడి చేయకూడదనీ అంటుంది. కానీ గోడమీది పటం గురించి, దానికి వేసే దండ గురించి, వాకిట్లో గొబ్బెమ్మల గురించి అందులో విడిగా ఏమీ లేదు. అందుకే పూజను పూజ అనకుండా "సాంస్కృతిక కార్యక్రమం" అంటే సరిపోతుంది. పేరు మారితే చాలు, సమ్మతి అడగనవసరం లేదు.

ఈ ఎత్తుగడ మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పాటకెట్ పురపాలక సంఘం క్రిస్మస్ అలంకరణలో బాల ఏసు పశువుల పాకను ఉంచడంపై వచ్చిన కేసులో, 1984లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో అభ్యంతరం లేదంది. చుట్టూ శాంతాక్లాజ్ ఇల్లు, దుప్పి బొమ్మలు ఉన్నాయి కాబట్టి అది పండగ వాతావరణమేనట! 1989లో పిట్స్‌బర్గ్ న్యాయస్థాన భవనంలో ఒంటరిగా పెట్టిన పశువుల పాక మాత్రం చెల్లదంది. ఇవి బడుల కేసులు కావు. కానీ బొమ్మల్ని లెక్కపెట్టి మతాన్ని కొలవబోతే ఎక్కడికి చేరతామో ఇవి చూపిస్తాయి. ఆ కోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ 1984లోనే ఇంకో కొలబద్ద సూచించారు: ఆ అలంకరణ ఇతరులకు "మీరు పరాయివాళ్లు" అని చెబుతోందా? 2022లో ఆ కోర్టు ఈ కొలబద్దను పక్కన పడేసింది. కోర్టు వదిలేసినంత మాత్రాన ప్రశ్న పాతబడదు.

మన బడుల దగ్గర ఈ ప్రశ్నను ఇంకా ముందుకు తీసుకుపోవాలి. పరాయితనం ఎవరికి అన్నది ఒక్కటే చాలదు. కాదనగలిగే స్థితిలో ఎవరున్నారు?

దళిత క్రైస్తవ కుటుంబంలోని అమ్మాయిని తీసుకోండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఉండదు. మన రెండు రాష్ట్రాల్లోనూ వాళ్లు బి.సి.-సి జాబితాలోకి పోతారు. ఆదివారం చర్చికి వెళ్లే ఎన్నో కుటుంబాలు కాగితం మీద హిందువులుగానే ఉండేది అందుకే. ఆ అమ్మాయి "నేను హారతి పట్టను, మేం ప్రార్థనకు వెళ్తాం" అంటే అది ఇష్టాయిష్టాల మాటగా ఆగదు. ఉపకార వేతనం, హాస్టల్ సీటు, రేపటి ఉద్యోగం, అన్నీ ఆ ఒక్క మాట మీద వేలాడతాయి. ఇష్టం లేకపోతే మానుకోవచ్చని తేలిగ్గా అనేవాళ్లు ఈ మౌనం ఖరీదు ఎప్పుడైనా లెక్కగట్టారా?

ఉపాధ్యాయినికైనా ఆ స్వేచ్ఛ ఉందా? 2024 గణతంత్ర దినోత్సవం నాడు రాజస్థాన్‌లోని ఒక ప్రభుత్వ బడిలో, వేదికపై గాంధీ, అంబేద్కర్, సావిత్రీబాయి ఫూలేల పటాలు చాలు, సరస్వతి పటం అక్కర్లేదన్నందుకు ఒక దళిత ఉపాధ్యాయిని సస్పెండయ్యారు. 1848లో పుణేలో ఆడపిల్లలకు బడి తెరిచిన దంపతుల్లో ఒకరు సావిత్రీబాయి. చదువు చెప్పిన మనిషిని తలచుకుంటే చాలదని, చదువుల దేవతను కొలవాలని పట్టుబట్టినప్పుడు అది సంస్కృతి ఎలా అవుతుంది? కొలవకపోతే శిక్ష ఉన్నచోట ఉన్నది మతమే, అధికారమే.

ఇదే వ్యవస్థ ముస్లిం అమ్మాయి తలమీది వస్త్రాన్ని చూడగానే లౌకికవాదాన్ని గుర్తుచేసుకుంటుంది. 2022 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం యూనిఫాం ఉత్తర్వు ఇచ్చింది. మార్చిలో హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు రెండు వేర్వేరు తీర్పులిచ్చారు. ఈలోగా గేటు బయట నిలబడ్డది అమ్మాయిలు. ఆధిక్యంలో ఉన్నవారి ఆచారం గోడకెక్కితే సంస్కృతి, మైనారిటీ అమ్మాయి ఒంటిమీద ఉంటే మతమా?

ఇక చాకిరీ మాట. ముగ్గులు వేసేది, దండలు గుచ్చేది, నేల అలికేది ఎక్కువగా ఆడపిల్లలే. మైకు దగ్గర ఉపన్యాసం మగవాళ్లది. బహిష్టులో ఉన్న అమ్మాయి పటాన్ని ముట్టకుండా తనంతట తానే వెనక్కి తగ్గుతుంది. జ్యోతి వెలిగించడానికి పిలిచేటప్పుడు భర్త లేని టీచరమ్మను దాటిపోతారు. ఇంట్లో నేర్పిన అంటును బడి రద్దు చేయాల్సింది పోయి ధ్రువీకరిస్తోంది.

"బతుకమ్మ స్త్రీల పండగ కదా, దాన్నీ వద్దంటారా?" అని మన సంఘాల్లోనే కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తంగేడు పూలు, గునుగు పూలు, స్త్రీలు కట్టుకున్న పాట, వీటిని వదులుకోమని ఎవరూ అనడం లేదు. 2014లో రాష్ట్ర పండగైన బతుకమ్మను బడిలో పాఠంగా చెప్పుకుందాం, పాటలు సేకరిద్దాం, పూల పేర్లు నేర్చుకుందాం. రంజాన్ గురించీ క్రిస్మస్ గురించీ అలాగే తెలుసుకుందాం. మతాల గురించి చెప్పడం, మతాన్ని బోధించడం ఒకటి కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా అంది. కానీ గౌరమ్మకు పూజ చేయించడం పాఠం కాదు. అన్ని మతాల పూజలూ వంతులవారీగా చేయిస్తే లౌకికమవుతుందన్న వాదనా నిలవదు. ఏ దేవుణ్నీ నమ్మని పిల్ల అప్పుడు ఎక్కడ నిలబడాలి?

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. ప్రభుత్వ బడిలో, అంగన్‌వాడీలో పూజ, హారతి, కొబ్బరికాయ ఉండకూడదు. బడిబాటలో అక్షరాభ్యాసం పలకా బలపంతో జరగాలి, పూజతో కాదు. పండగల పేరిట పిల్లల దగ్గర చందాలు వసూలు చేయరాదు. అలంకరణ పని ఆడపిల్లల మీద పడకూడదు. పాల్గొనని పిల్లల్నీ టీచర్లనీ కారణం అడగరాదు. పాఠశాల యాజమాన్య కమిటీల్లో తల్లులున్నారు. మన మండల సంఘాలు ముందు వాళ్లతో కూర్చుని ఈ చర్చ మొదలుపెట్టాలి. దేవుడు ఇంట్లో ఉంటాడు, గుడిలో ఉంటాడు, మసీదులో, చర్చిలో ఉంటాడు. ఆడపిల్లకు తనదని చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక్క చోటు బడి. దాన్నైనా ఆమెకు వదిలిపెట్టమని అడుగుతున్నాం.