ఐదో కాంటూరు జోలికి వెళ్లొద్దు

మాల్దీవుల రాజధాని మాలెకు ఒకప్పుడు పగడపు దిబ్బలే ప్రహరీ. ఇళ్లు కట్టుకునే రాయి కోసం వాటిని తవ్వారు. స్థలం చాలక దిబ్బల మీదికి మట్టి నింపి ఊరిని పెంచారు. 1987 ఏప్రిల్‌లో పెద్ద అలలు ఊళ్లోకే వచ్చిపడ్డాయి. ఆ తర్వాత జపాన్ సాయంతో కాంక్రీటు దిమ్మెల గోడ కట్టుకోవలసి వచ్చింది. పగడపు దిబ్బలు అలల శక్తిలో సగటున 97 శాతాన్ని తీరానికి చేరకముందే విరిచేస్తాయని 2014లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పైసా ఖర్చు లేకుండా కాచే దాన్ని చేజేతులా పోగొట్టుకుని, ఆ కాపుదలలో కొంత డబ్బు పోసి కొనుక్కున్న ఊరు మాలె.

కృష్ణా గోదావరుల ఒండ్రు కలిసే మన బురద నీళ్లలో అలాంటి దిబ్బలు పెరగవు. మనకున్న కాపు కొల్లేరు సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, రెండు డెల్టాల మురుగు కాల్వలు అన్నీ వచ్చి చేరేది అందులోకే. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వచ్చినంత వేగంగా నీళ్లు పోలేవు కాబట్టి, పరుచుకుని నిలబడే చోటు ఉండాలి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున సాగే గీత) లోపలి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. అంత మేర ఒక్క అడుగు నీరు నిలిస్తే సుమారు 3.3 టీఎంసీలు. ఏ కాంట్రాక్టరూ కట్టని జలాశయం అది.

దాన్ని చేపల చెరువుల గట్లతో ముక్కలు చేశాం. గట్టు కట్టిన చెరువు అప్పటికే నిండి ఉంటుంది, వరద నీటికి అందులో జాగా దొరకదు. చెరువు ఆక్రమించిన మేర నీళ్లు పక్క లంక గ్రామం మీదికి, ఏలూరు వైపు పొలాల మీదికి ఎగదన్నుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి దేశమంతా చూసింది. ఆ నీరే తర్వాత కొల్లేటికి వచ్చి లంక గ్రామాలను చుట్టుముట్టింది, ఏలూరు–కైకలూరు రోడ్డు మీద పారింది. అప్పటికి కెమెరాలు వెళ్లిపోయాయి.

సరస్సు లేకపోతే ఏమవుతుందో తాడేపల్లిగూడెం రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎగువన కొంగువారిగూడెం జలాశయం ఉన్నా, ఎర్రకాలువకు దిగువన పరుచుకునేందుకు కొల్లేరు వంటిది లేదు. గట్టి వాన పడితే నందమూరు అక్విడక్టు చుట్టుపక్కల వరి చేలే దాని సరస్సు.

సముద్రం వైపు నుంచి ఇంకో ముప్పు ఉంది. ప్రపంచంలో కుంగిపోతున్న డెల్టాలపై 2009లో వెలువడిన అధ్యయనంలో కృష్ణా, గోదావరి రెండూ ఉన్నాయి. నేల దిగుతూ, కడలి పెరుగుతూ ఉంటే ఉప్పుటేరులో పోటు మరింత లోపలికి వస్తుంది. వరద పోయే దారి ఆ మేరకు మూసుకుంటుంది. వేసవిలో ఆ ఉప్పు నీటిని వెనక్కి నెట్టగలిగేది కొల్లేటిలో నిలిచే మంచినీళ్లే. రెగ్యులేటర్లు కడితే చాలునన్న వాదన ఉంది. గేట్లు ఉప్పును ఆపగలవేమో కానీ, వరదకు చోటు చూపించలేవు.

ఇవన్నీ తెలిసి కూడా ఐదో కాంటూరును మూడుకు తగ్గించాలని 2008లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. అలా తగ్గిస్తే సగానికి పైగా విస్తీర్ణం పోతుంది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కుదరదని చెప్పింది. అయినా ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ హామీ మళ్లీ బయటికి వస్తోంది. ఇది ఓట్ల కోసం ఊళ్లను తాకట్టు పెట్టడమే.

కొల్లేటి జనం బతుకు ప్రశ్న నిజమైనదే. 2006లో ప్రభుత్వం పొక్లెయిన్లు పెట్టి గట్లు తెగ్గొట్టినప్పుడు సొసైటీ చెరువుల మీద ఆధారపడిన వడ్డీలు, దళితులు వీధిన పడ్డారు. లీజులకు తీసుకుని లక్షలు గడించిన బయటి పెట్టుబడిదారులు కొన్నాళ్లు ఆగి మళ్లీ గట్లు పోశారు. తప్పు గట్లు కొట్టడంలో లేదు, పేదలకు ముందుగా దారి చూపకపోవడంలో ఉంది. అదే తప్పు మళ్లీ జరగరాదు.

రాష్ట్ర ప్రభుత్వం ముందు జిరాయితీ భూములున్న రైతులకు పరిహారం చెల్లించాలి. వలలు, మావులతో బతికే కుటుంబాలకు సరస్సులో వేట హక్కును రాతపూర్వకంగా ఇవ్వాలి. ఐదో కాంటూరు పొడవునా సర్వే రాళ్లు పాతి, లోపలి ప్రభుత్వ భూముల్లోని గట్లను పెద్ద ఆక్రమణదారుల నుంచి మొదలుపెట్టి తొలగించాలి. ఉప్పుటేరు పూడికను, ఆక్రమణలను తీసే పనికి ఏటా బడ్జెట్‌లో నిధులు చూపాలి. 2008 నాటి తీర్మానాన్ని ఇప్పటి శాసనసభ బహిరంగంగా రద్దు చేయాలి.