మూడు పెద్దదా, ఏడు పెద్దదా?

నిరుడు మే నెలలో కలెక్టరు కాయలు అమ్మిన పట్టీని గూట్లో పెట్టబోతుంటే, నాలుగో తరగతి చదివే మా మనవరాలు లాక్కుని చూసింది. పైన కాటా బరువు 2,140 కిలోలు. కింద డబ్బు కట్టింది 1,926 కిలోలకే. "తాతా, మిగతా కాయలేమైనాయి?" అంది. తరుగమ్మా, నూటికి పది తీసేస్తారన్నాను. "కుళ్లినవా?" అంది. కాదు, మంచివే. ఇక నా దగ్గర జవాబు లేదు. 214 కిలోలు, కిలో 18 రూపాయల చొప్పున 3,852 రూపాయలు. ఇన్నేళ్లూ పట్టీలో చివరి అంకె ఒక్కటే చూసుకుని ఇంటికొచ్చినవాణ్ణి నేను.

పిల్లలకు పొదుపు నేర్పాలని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. మంచిదే. పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో 500 రూపాయలతో తమ పేరనే ఖాతా తెరుచుకోవచ్చు, తెరిపించండి. కానీ పొదుపు చేయకే రైతు అప్పులపాలయ్యాడన్నట్టు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. కాయకు ధర లేని ఏడు ముంతలో ఏం వేస్తాం? పొదుపుతోపాటు, చేతికి రావలసిన డబ్బు దారిలో ఎక్కడ తగ్గుతోందో కూడా పిల్లలకు నేర్పాలి.

వడ్డీ సంగతే చూడండి. బ్యాంకు పంట రుణం ఏడు శాతం, పూత మీద అడ్వాన్సు ఇచ్చే వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయలే అనుకుంటాం. బ్యాంకు చెప్పే ఏడు ఏడాదికి. వ్యాపారి చెప్పే మూడు నెలకు. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు. ఎక్కం వచ్చిన పిల్లవాడు చెప్పగల లెక్క ఇది. యాభై వేలకు ఏడాదికి బ్యాంకులో 3,500, బయట 18,000. (కౌలు రైతుకు బ్యాంకు గుమ్మం ఎక్కడమే కష్టం. అది వేరే పోరాటం.)

ఇంకా చిన్నవాళ్లకు చింతపిక్కలు చాలు. మనకు డబ్బు వేసవిలో ఒక్కసారే వస్తుంది, తినడం పన్నెండు నెలలు. వంద పిక్కలు పోసి, మందులకు, దున్నకానికి, కూలీలకు, వడ్డీకి తీసి పక్కన పెట్టమనండి. మిగిలినవి పన్నెండు కుప్పలు చేయమనండి. కుప్పకు ఎన్ని వస్తాయో వాళ్లే చూస్తారు.

పసివాళ్లకు అప్పుల గొడవ ఎందుకని మా ఇంట్లోనే అన్నారు. ఇంట్లో అప్పుందని వాళ్లకు తెలియదా? ఎంత ఉందో, ఎందుకు పెరుగుతోందో తెలియకే ఎక్కువ భయపడతారు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల వాచకంలో సారా వల్ల చితికిన సంసారం కథ పాఠంగా ఉండేది. ఆ పాఠం చదివిన ఆడవాళ్లే దూబగుంటలో సారా దుకాణం మీదికి వెళ్లారు. తర్వాత అదే జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. పాఠం తమ ఇంటిది కాబట్టే అది బుర్రకెక్కింది.

మన బడులకు సెలవులూ, మామిడి కోతలూ ఒకేసారి వస్తాయి. ఈ వేసవిలో సంఘం వారానికొక సాయంత్రం ఊరూరా పిల్లల్ని కూర్చోబెట్టాలని నా ప్రతిపాదన. జిల్లా కమిటీ ఆలోచించాలి. మా ఊళ్లో మేం ఎలాగూ మొదలుపెడుతున్నాం. ఇంట్లో పాత పట్టీలుంటే పొయ్యిలో వేయకండి, పిల్లల చేతికిచ్చి పంపండి.