హాజరు పట్టీలో దాగిన జ్వరం

జులై మూడో వారం, ఉదయం తొమ్మిదిన్నర దాటింది. ఆరో తరగతిలో టీచర్ హాజరు వేస్తున్నారు. ఒక పేరుకు జవాబు రాలేదు. ‘జ్వరం సార్’ అని వెనక బెంచీ నుంచి ఎవరో అందించారు. మరో రెండు పేర్లకూ అదే మాట. ముగ్గురిదీ ఒకే వీధి. ఆ సంగతి తరగతిలో పిల్లలందరికీ తెలుసు. రిజిస్టరులో మాత్రం ముగ్గురూ ‘ఆబ్సెంట్’ అంతే. ఇప్పుడు హాజరు మొబైల్ యాప్‌లోకి ఎక్కింది కాబట్టి ఆ అంకె నిమిషాల్లో రాష్ట్ర రాజధానికి చేరుతుంది. వెనక బెంచీ మాట మాత్రం గది దాటదు.

అంటువ్యాధికి బడి సిద్ధంగా ఉండటమంటే మనకు గుర్తొచ్చేవి గోడ మీద నినాదాలు, చేతుల శుభ్రతపై ప్రతిజ్ఞ, కొవిడ్ నాడు కొన్న కాలితో తొక్కే శానిటైజర్ స్టాండ్లు. ఆ స్టాండ్లు ఇప్పుడు చాలా బళ్లలో విరిగిన బెంచీల పక్కన తుప్పు పడుతున్నాయి. వాటికి పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఆ ‘జ్వరం సార్’ మీద పెట్టి ఉంటే బాగుండేది.

మన దగ్గర వ్యాధుల నిఘాకు వ్యవస్థ లేకపోలేదు. కేంద్రం 2004లో మొదలుపెట్టిన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం ఉంది. ఊళ్లో ఏఎన్‌ఎం, పీహెచ్‌సీలో డాక్టరు, ల్యాబు... ముగ్గురూ లెక్కలు పంపుతారు. అంటే రోగి ఆరోగ్య సిబ్బంది కంట పడితేనే లెక్కలోకి వస్తాడు. జ్వరమొచ్చిన పిల్లాడు మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికో మందుల షాపుకో. అంతకంటే ముందు అతను బడికి రాకపోవడం జరుగుతుంది. ఆ సమాచారం అప్పటికే టీచరు చేతిలో ఉంటుంది.

బడి మానడానికీ, ఆరోగ్య సిబ్బంది లెక్కకెక్కడానికీ మధ్య ఉండే ఆ కొద్ది రోజుల తేడా ఎంత విలువైనదో కామెర్లను చూస్తే తెలుస్తుంది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి 15 నుంచి 50 రోజులు, సగటున నాలుగు వారాలు పడుతుంది. కళ్లు పచ్చబడక ముందే వారం రెండు వారాలపాటు మలంలో వైరస్ పోతూ ఉంటుంది. అంటే హాస్టల్లో మొదటి పిల్ల కళ్లు పచ్చబడిన రోజున మనం చూస్తున్నది నెల కిందటి నీళ్ల పాపం. అధికారులు పరుగున వచ్చి ఆ రోజు నీటి శాంపిల్ తీస్తారు. అది బాగానే ఉందని రిపోర్టు రావచ్చు. ఈలోగా వార్డెన్ తల్లిదండ్రులకు ఫోన్లు చేసి, పిల్లల్ని తీసుకుపొమ్మంటారు. పిల్ల ఆటోలో ఊరెళుతుంది, పసరు మందు తాగుతుంది, ఒళ్లు విషమించాక పెద్దాసుపత్రికి చేరుతుంది. ఆశ్రమ పాఠశాలకో ఏఎన్‌ఎం ఉండాలన్న డిమాండ్ ఏజెన్సీలో ఎప్పటి నుంచో వినిపిస్తున్నది ఇందుకే.

ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేశామని రాసుకుంటే సరిపోదు. మూతి విప్పి మూలన పడేసిన బస్తాలో పౌడరుకు నానాటికీ బలం తగ్గిపోతుంది. కుళాయి చివర లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరోస్కోప్‌లో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తేలుతుంది. ఆ రంగు చూసి చెప్పడానికి ఎనిమిదో తరగతి పిల్లలు చాలు. సైన్స్ ప్రాక్టికల్ కింద రోజూ వాళ్లతోనే చేయించవచ్చు.

డెంగీ సంగతి వేరు. ఆ దోమ పగటిపూట కుడుతుంది, పొద్దున్నే ఒకసారి, సాయంత్రం మరోసారి జోరు చూపిస్తుంది. ఇంట్లో కట్టిన దోమతెర బడికి వెంట రాదు కదా. గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం, పది రోజులు పడుతుంది. దసరా సెలవులు పది, పదమూడు రోజులు, అదీ డెంగీ కాలంలో! తాళం వేసిన మరుగుదొడ్లలో, మూతలేని సంపుల్లో ఒక తరం దోమలు పుట్టి పెరిగి, పిల్లలు తిరిగొచ్చే రోజుకు ఆకలితో సిద్ధంగా ఉంటాయి. సెలవుల తర్వాత తీరిగ్గా ఫాగింగ్ చేసే బదులు, సెలవులిచ్చే రోజు సాయంత్రం నీళ్లన్నీ ఒంపించి, మూతలు బిగించి తాళం వేస్తే ఖర్చు లేదు.

ఇవన్నీ తెలియక జరుగుతున్నవి కావు. తెలిసినా నోరు విప్పకపోవడానికి కారణం భయం. ఒక హాస్టల్లో పిల్లలు వాంతులు చేసుకున్నారని పేపర్లో పడుతుంది. సాయంత్రానికి మెమో, మర్నాడు సస్పెన్షన్. పక్క మండలంలో హెచ్‌ఎం ఆ వార్త చదివి నేర్చుకునే పాఠం ఏమిటి? తన బడిలో ఐదుగురికి జ్వరమొస్తే ఎవరికీ చెప్పకుండా ఇళ్లకు పంపేయాలని! ట్యాంకు కడిగించని వారిని శిక్షించాల్సిందే, ఆ విషయంలో నాకు దయ లేదు. కానీ తొలి రోజే కబురు పెట్టినవారికీ, దాచిపెట్టి దొరికినవారికీ ఒకే మెమో వెళుతున్నంత కాలం మొదటి రకం వాళ్లు తగ్గిపోతూనే ఉంటారు.

ప్రైవేటు బళ్లలో భయానికి రూపం వేరు. పరీక్ష పోతుందనో, నూరు శాతం హాజరు బహుమతి చేజారుతుందనో ఏడున్నరకు పారాసిటమాల్ వేసి బస్సెక్కిస్తారు. దాని ప్రభావం నాలుగైదు గంటలే. సరిగ్గా భోజనాల వేళకు, అందరూ పక్కపక్కన కూర్చుని డబ్బాలు పంచుకునేటప్పుడు, జ్వరం తిరగబెడుతుంది. కూలికి వెళ్లే తల్లిదీ ఇదే ఇబ్బంది, కాకపోతే ఆమెకు ఇంటి దగ్గర బిడ్డను చూసేవారు లేరు. ఆమెను తప్పుపట్టలేం. నూరు శాతం హాజరుకు బహుమతి ఇచ్చే ఆనవాయితీని మాత్రం రేపే ఆపేయవచ్చు.

బడిలోనే జబ్బును పసిగట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. 1918లో ఇన్‌ఫ్లూయెంజా విరుచుకుపడినప్పుడు అమెరికాలో చాలా నగరాలు బళ్లు మూసేశాయి. న్యూయార్క్ మూయలేదు. పది లక్షల మంది దాకా ఉన్న అక్కడి బడి పిల్లల్లో ఎక్కువమందివి ఇరుకు అద్దె గదులు. అంతకంటే బడే నయమని ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ వాదించారు. ఆ నిర్ణయం సరైనదేనా అన్న చర్చ అలా ఉంచుదాం. రోజూ టీచర్లు పిల్లల్ని పరీక్షగా చూసేవారు. రాని పిల్లల ఇళ్లకు నర్సులు వెళ్లేవారు. నూరేళ్ల కిందట, యాప్‌లు లేకుండానే!

మన దగ్గర అలా ఇళ్లకు వెళ్లడానికి ఆశా కార్యకర్త ఉన్నారు. ఆమె ఆ వీధిలోనే తిరుగుతుంటారు. లేనిది బడి నుంచి ఆమెకు వెళ్లే కబురు. ఒక తరగతిలో ఒకే వారం ముగ్గురికి ఒకే రకం జబ్బు వస్తే పీహెచ్‌సీకి ఫోను చేయాలని ఒక్క వాక్యం ఉత్తర్వులో రాయవచ్చు. యాప్‌లో ‘ఎందుకు రాలేదు’ అనే గడి ఒకటి చేర్చవచ్చు.

చేతులు కడుక్కోవడం గురించి కూడా ఒక లెక్క. రెండు వందల మంది పిల్లలు, నాలుగు కుళాయిలు. సబ్బుతో ఇరవై సెకన్లు రుద్దితే వరుస పూర్తవడానికి పదిహేడు నిమిషాలు, అదీ తోపులాట లేకుండా. అన్నం ముందు పెట్టుకుని ఏ పిల్లాడు ఆగుతాడు? వరుసగా చిల్లులు పెట్టిన ఒక పీవీసీ గొట్టం బిగిస్తే ఒకేసారి ఇరవై మంది కడుక్కుంటారు.

వ్యాధి వచ్చిందని టీచర్ల తర్వాత బడిలో ముందుగా తెలిసేది బహుశా వంటమ్మకు. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి తలకు 150 గ్రాముల బియ్యం. ఇరవై మంది రాకపోతే మూడు కిలోలు మిగులుతాయి. పదిన్నరకు హాజరు లెక్క అందగానే ఆమె ఆ మూడు కిలోలు కొలిచి తిరిగి బస్తాలో పోస్తుంది. హెచ్‌ఎం పుస్తకంలో మిగులు రాసి సంతకం పెడతారు. అవి ఎందుకు మిగిలాయని అడిగే పని ఇంకా ఎవరి డ్యూటీలోనూ చేరలేదు.