మూలం పైన, టీక కింద

న్యూజెర్సీకి వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చుకున్న పుస్తకాల్లో టీకా తాత్పర్యాలున్న పాత మనుచరిత్ర ఒకటి. అట్ట ఊడిపోయింది. పైన పెద్దన పద్యం, కింద చిన్న అక్షరాల్లో ప్రతిపదార్థం. చదువుకునే రోజుల్లో పద్యం వదిలేసి కిందదే చదివేవాణ్ణి, ఒప్పేసుకుంటున్నాను.

ఆఫీసులో నాకు అలాంటి పుస్తకాన్నే అచ్చేసిచ్చే పనిముట్టు ఒకటుంది. పేరు ఆబ్జ్‌డంప్. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు వాళ్ళది. కంపైల్ చేసేటప్పుడు మైనస్ జీ చేర్చి, తర్వాత ఆబ్జ్‌డంప్‌కి మైనస్ ఎస్ ఇస్తే (పెద్ద ఎస్, చిన్నది వేరే పని చేస్తుంది) మనం రాసిన సీ వాక్యం పైనా, ప్రాసెసర్ నిజంగా నడిపే ఆజ్ఞలు దాని కిందా తెర మీద పడతాయి. ఆప్టిమైజేషన్ పెంచితే వరస చెదిరిపోతుంది, ఒకే వాక్యం మూడు చోట్ల తేలుతుంది. అది అలవాటవుతుంది. నాకింకా అలవాటు కానిది, వాక్యం ఉండి దాని పని చేసే ఆజ్ఞ కింద ఎక్కడా లేకపోవడం.

2009లో లినక్స్ కెర్నల్లో అదే జరిగింది. టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్లో ఒక చిన్న ఫంక్షన్. పాయింటర్ అంటే ఇంటి చిరునామా అనుకోండి. ఆ ఫంక్షన్ ముందు ఇంట్లోకి వెళ్ళి ఒక వస్తువు తెచ్చుకుంటుంది. తర్వాత, అసలు ఇల్లుందా, లేకపోతే వెనక్కి పోదాం అంటుంది. వరస తప్పే, కానీ చదివేవాడికి కాపలా ఉన్నట్టే ఉంటుంది. జీసీసీ కంపైలర్ మాత్రం, లోపలికి వెళ్ళొచ్చినవాడికి ఇల్లు లేకపోవడమేమిటని ఆ ప్రశ్నే తీసేసింది. సీ భాష నియమాలు అందుకు ఒప్పుకుంటాయి మరి. ఆ సందులోంచి మామూలు యూజరు రూట్ అయిపోవచ్చని బ్రాడ్ స్పెంగ్లర్ చేసి చూపించాడు. మూలాన్ని ఎన్నిసార్లు చదివినా కాపలావాడు అక్కడే ఉంటాడు. టీకలో లేడు.

కెర్నల్ వాళ్ళు వాక్యాల వరస మార్చారు, ఇలాంటి ప్రశ్నలు తీసేయొద్దని జీసీసీకి ఒక ఫ్లాగు కూడా పెట్టారు. తప్పెవరిదంటే నేను కాస్త జీసీసీ వైపే మొగ్గేవాణ్ణి, పోయిన వారం దాకా.

పోయిన వారం నా కోడే తెరిచాను. పాస్‌వర్డుతో పనయ్యాక ఆ బఫర్ని సున్నాలతో నింపే మెమ్‌సెట్ వాక్యం, పక్కన గర్వంగా నేను రాసుకున్న కామెంటు. కింద ఏమీ లేదు, నేరుగా రిటర్న్. తర్వాత ఆ బఫర్ని ఎవరూ చదవరు కదా, కంపైలర్ దృష్టిలో అది వృథా పని. మూడేళ్ళుగా అందరి పాస్‌వర్డులూ మెమరీలో అలా పడి ఉన్నాయన్నమాట. ఎక్స్‌ప్లిసిట్ బీజీరో అని మార్చి మళ్ళీ నడిపాను. ఈసారి వాక్యం కింద కాల్ ఆజ్ఞ కనిపించింది. మేనేజరుకి మెయిల్ రాయడానికి మాత్రం ఇంకో గంట పట్టింది.