చూడకుండా కొనేవాని కన్ను

పెళ్ళి సంబంధాల వేళ అబ్బాయి వృత్తి అడిగితే, ‘ఇంట్లోనే కంప్యూటరు మీద ఏదో చేస్తాడు’ అని మాట మార్చే తల్లిదండ్రులున్నారు. ప్రకటనలకు వాక్యాలు రాయడం, వ్యాపారులకు వెబ్‌సైట్లు తీర్చిదిద్దడం, ఫోటోలు, పోస్టర్లు సిద్ధం చేయడం ఇప్పుడు కామవరపుకోట వంటి మెట్ట ఊళ్ళలో ఇంటి నుండే సాగగల పని. ఫ్రీలాన్స్ అన్న పేరు కొత్తదే గాని, ఈ తరహా వృత్తి కొత్తది కాదు.

హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలలో పనివారు రెండు విధాలు. నిర్ణీత కాలం ఒక్కరికే కట్టుబడినవాడు అజీరె ఖాస్. దర్జీలా, రంగులద్దేవానిలా అందరి పనీ స్వీకరించేవాడు అజీరె ముష్తరక్. మన యువకుడు ఈ రెండవ కోవకు చెందుతాడు. మొదటివానికి హాజరైతే వేతనం, ఇతనికి పని పూర్తయితేనే. కనుక ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, ఎప్పటికి, ఎంతకు అన్నవి ముందే తేలాలి. తేలకుంటే ఆ ఒప్పందమే ఫాసిద్, అంటే లోపభూయిష్టం. అప్పు లావాదేవీలను రాసుకోమన్న అల్ బఖరా 282వ ఆయత్, రాసేవానిని న్యాయంగా రాయమని కూడా ఆదేశించింది. కలం పట్టినవాడు ఈ రెండో మాటను ఎక్కువగా తలచుకోవాలి.

ఏలూరు తివాచీనే తీసుకోండి. అంగడిలో కొనేవాడు దానిని తిరగేసి ముడులు చూస్తాడు, ఉన్నిని వేళ్ళతో నలిపి చూస్తాడు. దూరదేశంలో ఉన్నవానికి ఫోటో, దాని కింది నాలుగు వాక్యాలే కన్నూ చెయ్యీ. అక్కడ రంగు పెంచి చూపినా, యంత్రం నేసినదానిని చేతినేత అని రాసినా మోసమే. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టినప్పుడు లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనానికి కనబడేలా ఆ తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు, మోసగించేవానితో తనకు సంబంధం లేదన్నారు. తివాచీ అంచున లోపముంటే దాని ఫోటో కూడా పెట్టడమే తడిని పైన ఉంచడం. ‘యజమాని చెప్పినట్టే రాశాను’ అన్నది సమాధానం కాదు, పాపకార్యంలో సహకరించవద్దన్న ఆజ్ఞ రాసేవానికీ వర్తిస్తుంది.

చూడకుండా కొన్నవానికి, చూశాక తిరస్కరించే హక్కును మన ఫిఖ్హ్ ఇచ్చింది. దానిని ఖియారె రూయత్ అంటారు. కాబట్టి వెబ్‌సైటులో సరుకు వాపసు నియమాన్ని చీమల బారులాంటి అక్షరాలలో దాచకూడదు. ఇతరుల పనిని తన నమూనాగా చూపడం సంగతి వేరే చెప్పాలా?

ఇక పని చేయించుకునేవారి సంగతి. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసు మనందరికీ కంఠస్థమే. కాని పోస్టరు వాట్సాప్‌లో ఊరంతా తిరిగాక కూడా డబ్బుకు నెలలు పడతాయి, ఎందుకంటే చెమట కనబడదు. జల్సా పోస్టరుకైతే ‘సవాబ్ కోసం చెయ్యి బాబూ’ అంటారు. సవాబ్ కోసమా, కూలికా అన్నది చేసేవాని ఇష్టం. పని అప్పగించే ముందే అడగండి.